విశాఖలో మనీలా తాడు: ఏది అసలుది, దేనికి కొనాలి, దేనికి వద్దు

విశాఖలో తాళ్ల కొట్టుకి వెళ్లి మనీలా తాడు కావాలంటే మూడు నాలుగు రకాలు ముందు పడతాయి. ఒకటి అసలు అబాకా నారతో పేనిన ముప్పేట తాడు. రెండోది కిత్తనార తాడు, అంటే సైసల్. మూడోది గోధుమరంగు పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్ పోగుల తాడు. దూరం నుంచి చూస్తే ఇది నార తాడులాగే ఉంటుంది, పేరు కూడా మనీలాగానే చెలామణీ అవుతుంది. నాలుగోది అబాకాలో కొంత సైసల్ కలిపి పేనింది. దీన్ని పట్టుకోవడమే కష్టం. నాలుగింటికీ ధర వేరు, బలం వేరు, పనికొచ్చే చోటు వేరు. ఇక్కడ రాస్తున్నది మొదటి దాని గురించి: 12, 20, 24 మిల్లీమీటర్ల లాంటి సైజుల్లో వచ్చే అసలు అబాకా తాడు.

తీర్పు ముందే చెప్పేస్తే కొనేవాళ్లకి పని తేలిక. మనిషి చేత్తో పట్టుకుని వేలాడే చోట, తాడు దేనికైనా రాసుకుని వేడెక్కే చోట, ఎండ బాగా తగిలే చోట ఈ తాడు డబ్బుకి న్యాయం చేస్తుంది. మరపడవ లంగరుకి, వలకి, ఎప్పుడూ నీళ్లలో నానే పనికి మాత్రం కొనకండి. అక్కడ నైలాన్, పాలీప్రొపిలీన్ ఎప్పుడో గెలిచేశాయి. జాలరిపేటల్లో వాటినే వాడుతున్నారంటే అది సరైన లెక్కే.

అబాకా అంటే అరటికి దాయాది. శాస్త్రీయ నామం మ్యూసా టెక్స్‌టిలిస్. పూలు కట్టే అరటినార తెలిసిన మనకి ఇది కొత్త సరుకేం కాదు. చెట్టు చూడ్డానికి సన్నపాటి అరటిలా ఉంటుంది, కాయ తినడానికి పనికిరాదు, నార మాత్రం మనిషి నిలువెత్తు దాటి మూడు మీటర్ల దాకా వస్తుంది. పుట్టిల్లు ఫిలిప్పీన్స్. ఇవాళ్టికీ ప్రపంచ మార్కెట్లోకి వచ్చే అబాకాలో నాలుగింట మూడొంతులకు పైగా అక్కడిదే, తర్వాతి స్థానం ఈక్వడార్‌ది. బికోల్ ప్రాంతంలోని కటండువానెస్ దీవి ఈ పంటకి పెట్టింది పేరు. లేతె, సమర్, దవావోల్లో కూడా పండుతుంది.

నార తీసే పద్ధతి తెలిస్తే తాడు నాణ్యత ఎక్కడ తేడా పడుతుందో అర్థమవుతుంది. పిలక నాటిన ఏడాదిన్నర, రెండేళ్లకి మొదటి కోత. పువ్వు వేసే ముందే మాను నరకాలి, ఆలస్యమైతే నార బలహీనపడుతుంది. మానులోని ఒక్కో పొర బయటి పట్టీని కత్తి మొనతో లేపి చీలుస్తారు. ఆ పట్టీని చెక్క దిమ్మకీ దాని మీద బిగించిన కత్తికీ మధ్య పెట్టి ఒక్క ఊపున లాగుతారు. గుజ్జంతా కత్తి దగ్గర ఆగిపోతుంది, నార ఇవతలికి వస్తుంది. కత్తికి పళ్లు లేకపోతే సన్నటి, మెరిసే నార వస్తుంది. పళ్లు ఉన్నకొద్దీ పని తొందరగా అవుతుంది గానీ నార ముతకబారి గుజ్జు అంటుకుని ఉంటుంది. చీల్చిన పట్టీని ఆ రోజే లాగేయాలి. మర్నాటికి ఉంచితే రంగు మారుతుంది. లాగిన నారని వెంటనే దండేల మీద ఆరేయాలి. ఇంత కష్టపడితే మాను బరువులో చేతికొచ్చే ఎండు నార నూటికి ఒకటి రెండు వంతులే.

అందుకే గ్రేడులు ముఖ్యం. చేత్తో తీసిన నారకి ఫిలిప్పీన్స్‌లో ఈఎఫ్, ఎస్2, ఎస్3, ఐ, జీ, హెచ్, జేకే అని వరస ఉంది. పై గ్రేడులు దంతం రంగులో తెల్లగా ఉంటాయి, కిందికి పోయేకొద్దీ గోధుమరంగు ముదురుతుంది. మన కొట్లలో ఈ అక్షరాలు ఎవరూ చెప్పరు. కానీ తాడు రంగు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఒకేలా ఉందా, మధ్యలో ముదురు మచ్చల పోగులు కలిశాయా అని చూస్తే గ్రేడు మీద అంచనా వచ్చేస్తుంది.

ఫిలిపినోలు ఏడువేల ఆరువందలకు పైగా దీవులున్న దేశపు మనుషులు. చాలాచోట్ల పక్క ఊరికి వెళ్లాలన్నా సముద్రం దాటాల్సిందే. మిండనావోలోని బుటువాన్‌లో 1970ల్లో బురద కింద బయటపడ్డ పాత పడవలు చూస్తే వాళ్ల పనితనం తెలుస్తుంది. పలకలని పక్కపక్కన కర్ర మేకులతో కలిపారు. ప్రతి పలక లోపలి వైపు అదే చెక్కలోంచి బొడిపెలు చెక్కి, వాటికి బెజ్జాలు పెట్టి, అడ్డ కమ్మీలకి తాటిజాతి చెట్టు నల్లనారతో బిగించి కట్టారు. ఇనుప మేకు లేదు. అల కొడితే పడవ కొంచెం వంగి ఊగుతుంది గానీ పగలదు. ఈ పడవలు 8–10 శతాబ్దాల నాటివని ఇటీవలి కాలనిర్ణయం. మన తీరంలో కొబ్బరిపీచు తాడుతో కుట్టిన పడవలూ, దుంగలు కట్టిన తెప్పలూ ఇదే బుద్ధితో పుట్టినవే. 1933లో విశాఖ హార్బరు తెరిచేదాకా ఓడలు బయట సముద్రంలోనే ఆగేవి, ఆ కుట్టుపడవలే కెరటాలు దాటి సరుకు మోసేవి. తాడు నాణ్యత అంటే ప్రాణం సంగతని ఇక్కడివాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు.

స్పానిష్‌వాళ్లు 1565 నుంచి 1815 వరకు మనీలాకీ మెక్సికోలోని అకపుల్కోకీ మధ్య గాలియన్ ఓడలు నడిపారు. వాటిలో చాలా ఓడలు ఫిలిప్పీన్స్‌లోనే, ముఖ్యంగా కవీతెలో కట్టారు. వాటి తాళ్లు అబాకావి, నావికుల్లో ఫిలిపినోలు ఎందరో. ఈ గొప్ప వెనక వెట్టిచాకిరీ ఉంది. మాను నరకడానికీ ఓడలు కట్టడానికీ మనుషుల్ని బలవంతంగా తోలుకుపోయారు. దాన్ని భరించలేకే 1649లో సమర్ దీవిలో సుమురోయ్ నాయకత్వంలో తిరుగుబాటు లేచింది. 1820 ప్రాంతంలో ఈ నార అమెరికా ఓడరేవులకి చేరాక ప్రపంచమంతా దీన్నే ఓడతాడుగా వాడుకుంది. ఐరోపా హెంప్ (గంజాయి జాతి నార) తాళ్లకి కుళ్లకుండా తారు పూయాల్సి వచ్చేది. అబాకాకి ఆ అవసరం తక్కువ, ఉప్పునీటికి తట్టుకుంటుంది. 1942లో ఫిలిప్పీన్స్ జపాన్ చేతికి పోగానే అమెరికా నౌకాదళం తాళ్లకి కటకటలాడి మధ్య అమెరికా దేశాల్లో అబాకా తోటలు వేయించింది. ఆ యుద్ధం తర్వాత నైలాన్ రావడంతో ఓడల మీద దీని రాజ్యం ముగిసింది. ఇప్పుడు అబాకాలో ఎక్కువ భాగం కాగితపు గుజ్జుకి పోతోంది. టీ బ్యాగు వేడినీళ్లలో చిరగకుండా నిలబడేది ఈ నార వల్లే.

ధర ఉన్నట్టుండి పెరగడానికీ కారణం అక్కడే ఉంది. 2020 నవంబరు 1న గోని తుపాను కటండువానెస్ మీద విరుచుకుపడి తోటల్ని నేలమట్టం చేసింది. మళ్లీ నాటితే కోతకి రెండేళ్లు. హుద్‌హుద్ తర్వాత మన జీడి, కొబ్బరి తోటలు ఎన్నాళ్లకి కోలుకున్నాయో చూసినవాళ్లకి ఇది వేరే చెప్పాలా. అరటికి వచ్చే వెర్రితల తెగులు లాంటిదే అబాకాకీ ఉంది, అది కూడా దిగుబడిని దెబ్బతీస్తుంది.

కొట్లో ఏం చూడాలి

ముందు చేత్తో రాసి చూడండి. అసలు అబాకా తాడు నునుపుగా, కాస్త జిడ్డుగా, లేత బంగారు గోధుమరంగులో ఉంటుంది. సైసల్ ఇంకా తెల్లగా, బిరుసుగా, నూగులేచి అరచేతికి గుచ్చుకుంటుంది. తాడు కోసిన చివర ఒక పోగు విప్పి ఒక్క నార పూర్తిగా లాగండి. మీటరు దాటి వస్తూనే ఉంటే మంచి సూచన. మీటరు లోపే తెగిపోతూ పొట్టి పొట్టిగా వస్తుంటే అది సైసలో, పాత నార కలిపిందో. తర్వాత నారని నిప్పంటించండి. పాలీప్రొపిలీన్ అయితే కరిగి ముద్దకట్టి గట్టి పూస మిగులుతుంది, అక్కడితో అనుమానం తీరిపోతుంది. అబాకా కాలితే నలుపు కలిసిన బూడిద, సైసల్ కాలితే తెల్లటి బూడిద. నూనె ఎక్కువ పట్టిన తాడుకి బూడిద రంగు తేడా చూపిస్తుంది కాబట్టి ఈ ఒక్క పరీక్షనే నమ్ముకోవద్దు. రాయడం, లాగడం, కాల్చడం మూడూ ఒకే మాట చెప్పాలి.

పెద్ద ఆర్డరైతే ఐఎస్ 1084 ప్రకారం ఉన్న తాడు కావాలని బిల్లులో రాయించండి. అది మనీలా తాళ్లకి భారతీయ ప్రమాణం. సైసల్‌కి వేరే ప్రమాణం ఉంది. నంబరు అడగ్గానే ఏ సరుకు ఇస్తున్నారో కొట్టువాళ్లే సరిగ్గా చెప్పేస్తారు.

సైజు దగ్గర ఇంకో చిక్కు. పాతకాలపు ఓడ పనివాళ్లు తాడు సైజు చుట్టుకొలతలో చెబుతారు, అదీ అంగుళాల్లో. మూడంగుళాల తాడంటే వాళ్ల లెక్కలో అడ్డం (వ్యాసం) 24 మిల్లీమీటర్లు. హార్డ్‌వేర్ కొట్లో అదే మాటంటే 75 మిల్లీమీటర్ల లావు తాడు వెతుకుతారు. ఫోన్లో ఆర్డరిచ్చేటప్పుడు మిల్లీమీటర్లలో, అడ్డం అని చెప్పి మరీ అడగండి.

తర్వాత తూకం. మన దగ్గర తాడు కిలోల్లో అమ్ముతారు, అసలు మోసం జరిగేది ఇక్కడే. తయారీలోనే అబాకా తాడుకి నూనె పట్టిస్తారు. నారలు ఒకదానితో ఒకటి రాసుకుని అరగకుండా అది కావాల్సిందే, సాధారణంగా బరువులో పదో వంతు పైచిలుకు ఉంటుంది. నూనె మరీ ఎక్కువ పడితే బరువు పెరుగుతుంది గానీ బలం పెరగదు. కాగితం మీద తాడు నొక్కితే నూనె మరక పెద్దగా పాకితే వద్దనండి. నార తేమని కూడా పీల్చుకుంటుంది. విశాఖ గాలిలో తేమ సంగతి తెలిసిందే కదా, వానాకాలంలో తూచి కొంటే నీళ్లకి డబ్బులిచ్చినట్టే. అందుకని కిలో ధర కాదు, మీటరు ధర లెక్కేసుకోండి. 12 మిల్లీమీటర్ల అబాకా మీటరు సుమారు 105 గ్రాములు తూగుతుంది, 20ది 275, 24ది 400. అదే 12 మిల్లీమీటర్ల పాలీప్రొపిలీన్ 65 గ్రాములే. అంటే కిలోకి అబాకా తొమ్మిదిన్నర మీటర్లు వస్తే పాలీప్రొపిలీన్ పదిహేను వస్తుంది. కిలో ధరలు పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లు ఈ తేడా మర్చిపోతారు. పూర్తి చుట్ట 220 మీటర్లు. 24 సైజు చుట్ట బరువు 88 కిలోల అటూఇటూ ఉండాలి. వందకి చేరిందంటే నూనె, తేమ అడగాల్సిందే. బాగా తగ్గిందంటే పొడవు కొలిపించండి.

బలం లెక్క

మర్చంట్ నేవీ కుర్రాళ్లకి ట్రైనింగులో నేర్పే సూత్రం ఇక్కడ చక్కగా పనికొస్తుంది. తాడు అడ్డం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, రెండుతో హెచ్చవేసి, 300తో భాగిస్తే తెగే బరువు టన్నుల్లో వస్తుంది. 12కి 0.96 టన్ను, 20కి 2.67, 24కి 3.84. పాలీప్రొపిలీన్‌కి రెండు బదులు మూడు, పాలియెస్టర్‌కి నాలుగు, నైలాన్‌కి అయిదు పెట్టాలి. బలం ఒక్కటే కావాలంటే అబాకా ఎందుకు ఓడిపోయిందో ఈ అంకెలే చెబుతాయి. సైసల్ బలం అబాకాలో నూటికి 80 పాళ్లు వేసుకోండి. కొబ్బరిపీచు నాలుగో వంతుకు మించదు, కానీ అది నీటి మీద తేలుతుంది. అబాకా మునుగుతుంది.

ఇది కొత్త తాడు తెగే బరువు. ఎత్తదగ్గ బరువు అందులో ఆరో వంతే: 20 సైజుకి సుమారు 440 కిలోలు, 12కి 160. ముడి వేస్తే అందులోనూ సగం పోతుంది. ముడి దగ్గర పోగులు వంపు తిరిగి బయటివాటి మీదే బరువంతా పడడం దానికి కారణం. ముడి బదులు కన్ను (తాడు చివరని మడిచి, పేటల్ని తాడులోకే అల్లి చేసే ఉంగరం) అల్లితే నష్టం పదో వంతే. కాబట్టి బరువెత్తే తాడుకి ముడి వేయడం డబ్బు పారేసుకోవడమే.

చుట్ట విప్పడం, కన్ను అల్లడం

కొత్త చుట్టని బయటి చివర పట్టుకుని లాగితే మొదటి పది మీటర్లలోనే మెలికలు పడతాయి. ఒకసారి గట్టిగా బిగిసిన మెలిక పేటని శాశ్వతంగా విరిచేస్తుంది, తర్వాత ఎంత సాగదీసినా ఆ చోటు బలహీనమే. చుట్టని లోపలి చివర అడుగున ఉండేలా నేల మీద పెట్టండి. ఆ చివరని మధ్యలోంచి పైకి లాగండి. కుడి పురి తాడు (పేటలు కుడివైపు పైకి తిరిగేది) అపసవ్యంగా, అంటే గడియారం ముళ్లకి ఎదురుగా విప్పుకుంటూ రావాలి. సవ్యంగా వస్తోందంటే చుట్టని తిరగేయండి. మళ్లీ చుట్టేటప్పుడు మాత్రం గడియారం ముళ్లు తిరిగే వైపే.

కోసే ముందు కోసే చోటుకి రెండు పక్కలా దారంతో బిగించి చుట్టాలి, చుట్టు వెడల్పు కనీసం తాడు లావంత ఉండాలి. నైలాన్‌లాగా చివర కాల్చి అతికించేద్దామంటే కుదరదు. కోసిన మరుక్షణం మూడు పేటలూ విడిపోయి పురి వెనక్కి పాకుతుంది, అరడుగు తాడు చెడుతుంది.

20 సైజు తాడుకి కన్ను అల్లాలంటే చివర 30 సెంటీమీటర్లు పేటలు విప్పి, ఒక్కో పేట కొసని దారంతో కట్టండి. కన్ను ఎంత కావాలో అంత మడిచి, మధ్య పేటని తాడులో ఒక పేట కింద నుంచి, పురికి అడ్డంగా దూర్చండి. చెక్క ఫిడ్డుతో, అంటే కొస సన్నగా ఉండే నున్నటి చెక్క మేకుతో, సందు చేసుకోవాలి. స్క్రూడ్రైవర్ మొన నారల్ని కోసేస్తుంది. ఎడమ పేటని ఎడమ పక్క పేట కింద నుంచి దూర్చండి. ఇప్పుడు మొత్తం తిరగేసి మిగిలిన మూడో పేటని కుడి నుంచి ఎడమకి, ఇంకా ఖాళీగా ఉన్న పేట కింద నుంచి తీయండి. ఇక్కడ ఆగి చూడాలి: మూడు పేటలూ ఒకే ఎత్తులో, మూడు వేర్వేరు సందుల్లోంచి బయటికి రావాలి. ఒకే సందులోంచి రెండు వచ్చాయంటే మూడో పేట తప్పుగా పోయింది, విప్పేయండి. ఎక్కువమంది తప్పేది ఈ మూడో పేట దగ్గరే, బరువు పడ్డాక కన్ను ఒక పక్కకి మెలి తిరిగితే కారణం ఇదే. ఆ తర్వాత ఒకటి మీంచి ఒకటి కిందుగా అల్లుకుపోవడమే. నార తాడుకి మూడు పూర్తి వరసలు కనీసం. నైలాన్, పాలీప్రొపిలీన్ జారుతాయి కాబట్టి అయిదు కావాలి. ఆపైన ప్రతి పేటలో సగం పోగులు కోసి ఇంకో రెండు వరసలు అల్లితే లావు నెమ్మదిగా తగ్గి, కప్పీలో తట్టుకోదు. కొసలు తాడు మొదట్లోకి కోసేయకుండా రెండు సెంటీమీటర్లు వదిలి, అల్లికని కాలి కింద పెట్టి దొర్లించండి. అబాకా ఈ పనికి ఎంత బాగా లొంగుతుందో పాలీప్రొపిలీన్ అల్లి చూసినవాళ్లకి తెలుస్తుంది. పేట ఆకారం చెడదు, పెట్టినచోట ఉంటుంది. చవక సైసల్‌తో ఇదే పని చేస్తే వేళ్ల నిండా ముళ్లు.

పోటీ లేని చోటు: పైలట్ నిచ్చెన

విశాఖ పోర్టులోకి వచ్చే ఓడ దగ్గరికి, దాన్ని రేవులోకి నడిపించే పైలట్ లాంచీలో వెళ్లి, కెరటాల మధ్య ఓడ పక్కన వేలాడే తాళ్ల నిచ్చెన పట్టుకుని పైకెక్కుతారు. ఆ నిచ్చెన పక్కతాళ్లకి అంతర్జాతీయ నిబంధనలు పేరుపెట్టి చెప్పే పదార్థం మనీలా. వేరేది వాడితే బలంలో, మన్నికలో, సాగడంలో, పట్టులో దానికి సరితూగాలి. పక్కకి రెండేసి తాళ్లు, అడ్డం 18 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, పై మెట్టు కింద ఎక్కడా అతుకు ఉండకూడదు. మెట్ల మధ్య దూరం 31 నుంచి 35 సెంటీమీటర్లు. పక్కన పట్టుకోవడానికి వేసే మ్యాన్‌రోప్ 28 నుంచి 32 మిల్లీమీటర్లు. సన్నగా ఉంటే గుప్పిట బిగియదు, లావైతే వేళ్లు అందవు.

ఎందుకు మనీలానే అంటే, తడిసినా నార అరచేతిలో పట్టుంటుంది. పాలీప్రొపిలీన్ తడిస్తే జారుతుంది, ఎండకి పైపొర పెళుసెక్కి పొడి రాలుతుంది, ఆ పొడి కింద ఎంత బలం మిగిలిందో కంటికి తెలియదు. నైలాన్ రబ్బరులా సాగుతుంది, మనిషి బరువుకి మెట్టు కిందికి దిగి పైకి లేస్తుంది. అబాకా తెగేదాకా లాగినా నూటికి పదమూడు పాళ్లకు మించి పెద్దగా సాగదు.

నిచ్చెన కట్టే తీరు కూడా తాడుని చంపుతుంది. పక్కతాళ్లకి ఇనుప షాకిల్ (మేకుతో మూసే కొక్కెం) తగిలిస్తే బరువు పడ్డచోట నార నలిగిపోతుంది. మెట్లకి రాడ్డు అడ్డంపెట్టి వేలాడదీస్తే బరువంతా మెట్టు బిగింపుల మీద పడి అవి జారతాయి. పక్కతాళ్లకే రోలింగ్ హిచ్ అనే జారని ముడి వేసి డెక్ మీది రింగులకి కట్టాలి. ప్రపంచంలో ఏ ఓడ డెక్ మీద చూసినా ఈ పని చేసేవాళ్లలో ఫిలిపినోలు తరచూ కనిపిస్తారు, సముద్రపు పనిలో ఉన్నవాళ్లని ఎక్కువగా అందించే దేశాల్లో ఫిలిప్పీన్స్ ముందు వరసలో ఉంది, మనమూ ఆ జాబితాలో ఉన్నాం. అబాకాతో వాళ్లకున్న తరాల పరిచయం సరంగులూ టిండాళ్లూ (డెక్ పనివాళ్ల మేస్త్రీలు) ఉన్న మన ఓడల మీదికి కూడా ఈ తాడు రూపంలోనే వచ్చింది.

చెడేది ఎలా, కనిపెట్టేది ఎలా

తడిస్తే అబాకా లావెక్కి పొడవులో కుంచించుకుపోతుంది. మధ్యాహ్నం బిగించి కట్టిన షామియానా తాడు రాత్రి వానకి గుంజని పెరికేస్తుంది, లేకపోతే తనే తెగుతుంది. వాన వాసన రాగానే వదులు చేయాలి. తెల్లారి ఆరాక మళ్లీ బిగించాలి.

పైకి బాగున్న తాడు లోపల చచ్చి ఉండొచ్చు. తాడుని రెండు చేతులా పట్టుకుని పురికి ఎదురు తిప్పితే పేటల మధ్య సందు తెరుచుకుంటుంది. లోపలి నార బయటికంటే కాంతిగా, శుభ్రంగా ఉండాలి. సన్నటి పొడి రాలితే నారలు ఒకదాన్నొకటి కోసుకుంటున్నాయని అర్థం. బూడిదరంగో నలుపో తిరిగి ముక్కిన వాసన వస్తే కుళ్లు మొదలైంది. ఒక నారని లాగితే టప్పున తెగక పిప్పిలా ఊడొస్తే ఆ తాడు మనిషి బరువుకి పనికిరాదు. మీటరు మీటరుకీ ఇలా తెరిచి చూడాలి. కుళ్లు ఒక్కచోటే ఉండొచ్చు.

విశాఖలో దీనికి ప్రత్యేక శత్రువులు ఉన్నాయి. పోర్టు దగ్గర గాలిలో ఎగిరే బొగ్గు పొడి పేటల్లోకి దూరి ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. ఎరువుల గోడౌన్, బ్యాటరీ గది, బ్లీచింగ్ పౌడరు బస్తా, ఇవేవీ తాడు దగ్గర ఉండకూడదు. ఆమ్లం ఆవిరి తగిలినా చాలు, రంగు మారకుండానే బలం పోతుంది. తుప్పు మరక పడ్డచోటు కూడా బలహీనమే, కాబట్టి కన్ను అరగకుండా దాని లోపల పెట్టే ఇనుప థింబుల్‌కి జింకు పూత సరిగ్గా ఉండాలి. సముద్రంలో వాడాక మంచినీళ్లతో కడిగి గాలి ఆడే నీడలో వేలాడదీయండి. సిమెంటు నేల మీద వద్దు, చెక్క మీద పెట్టాలి. నూనె వాసనకి ఎలుకలు వస్తాయి, అది మాత్రం మర్చిపోవద్దు.

మిగతా వాడకాలు

టగ్ ఆఫ్ వార్‌కి ఇదే తాడు కొనండి, కళ్లు మూసుకుని. చుట్టుకొలత 10 నుంచి 12.5 సెంటీమీటర్లు, పొడవు కనీసం 33.5 మీటర్లు. స్కూలు వార్షికోత్సవాలకి నైలాన్ తాడు తెచ్చి లాగించడం చాలా ప్రమాదం. 1997లో తైపీలో వెయ్యి మందికి పైగా లాగిన నైలాన్ తాడు తెగి వెనక్కి కొట్టడంతో ఇద్దరి చేతులు తెగిపోయాయి. అబాకా అంతగా సాగదు కాబట్టి అంత శక్తిని దాచుకోదు, తెగే ముందు కిర్రుమంటూ హెచ్చరిస్తుంది. అలాగని చేతికి చుట్టుకుని లాగొచ్చని కాదు, ఏ తాడునీ అలా లాగకూడదు.

క్యాప్‌స్టన్ (తాడు చుట్టి లాగే తిరిగే డ్రమ్ము) మీద చుట్టు వేసి బరువు దించే పనికి కూడా బాగుంటుంది. రాపిడికి పాలీప్రొపిలీన్ 165 డిగ్రీల దగ్గర కరిగి డ్రమ్ముకి అతుక్కుంటుంది, అబాకా కరగదు. జిమ్‌లో ఎక్కే తాడుకి ఇది సరే. బీచ్ రోడ్డు కెఫేల్లో స్తంభాలకి చుట్టే అలంకరణకి మాత్రం అసలు అబాకా అక్కర్లేదు, సైసలో గోగునారో చాలు. మంచి తాడు అక్కడ వృథా.

పాతబడ్డ అబాకా పారేయక్కర్లేదు. విప్పిన నార పడవ సందుల్లో కూరడానికి, లావు తాడు జెట్టీ దగ్గర పడవ ఒరుసుకోకుండా అడ్డం కట్టడానికి పనికొస్తాయి. అయితే పక్కన పడేసే ముందు మీటరు ముక్కలుగా నరకండి. కన్ను ఉన్న చివరలు మొట్టమొదట కోసేయండి, ఎందుకంటే కన్ను కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు దాన్ని కొక్కేనికి తగిలించేస్తారు.